నోమన్ - నీడ కర్ర నుంచి శంఖం దాకా

ఒక గళ్ల కాగితం తీసుకోండి. అడ్డంగా 5, నిలువుగా 5 గళ్లు వచ్చేటట్లు దానిమీద ఒక చతురస్రం గీయండి. అందులో మొత్తం 25 గళ్లుంటాయి. ఇప్పుడు కుడివైపు పై మూల నుంచి 4 × 4 గళ్ల చతురస్రాన్ని కత్తెరతో కత్తిరించి తీసివేయండి. మీ చేతిలో ఏం మిగిలింది? ఎడమ పక్క ఒక నిలువు పట్టీ, అడుగున ఒక అడ్డ పట్టీ, రెండూ మూల దగ్గర కలుసుకుని ఉన్నాయి. అది చతురస్రం కాదు, దీర్ఘచతురస్రమూ కాదు. చూడటానికి వడ్రంగి చేతిలోని మూలమట్టంలాగా ఉంది కదూ!

ఈ ముక్కకు ఇంగ్లీషు రేఖాగణితంలో ఒక పేరున్నది. దానిని 'నోమన్' అంటారు. మీ పాఠ్యపుస్తకంలో ఈ మాట బహుశా కనిపించదు. పెద్ద ఇంగ్లీషు నిఘంటువు తెరిచి చూస్తే మాత్రం దొరుకుతుంది. కాని అక్కడ ఒక వింత ఎదురవుతుంది. ఆ మాటకు నీడ గడియారంలో నీడ పడటానికి నిలబెట్టే పుల్ల అని ఒక అర్థం రాసి ఉంటుంది. ఆ తరువాత, సమాంతర చతుర్భుజం మూలలో నుంచి దానికి సరూపమైన చిన్న చతుర్భుజాన్ని తీసివేయగా మిగిలిన భాగం అని మరో అర్థం రాసి ఉంటుంది.

ఎండలో నిలబడ్డ పుల్ల ఎక్కడ, కాగితం మీద మిగిలిన మూల ముక్క ఎక్కడ? ఈ రెండింటికీ ఒకే పేరు ఎలా వచ్చింది? ఈ ప్రశ్నకు జవాబు వెదుకుతూ పోతే ఒక మాట చరిత్ర మాత్రమే కాదు, మీరు కారణం తెలియకుండా కంఠస్థం చేస్తున్న రెండు లెక్కల సూత్రాల రహస్యం కూడా బయటపడుతుంది. రండి, వెదుకుదాం.

పేరులో ఉన్న జ్ఞానం

నోమన్ అసలు గ్రీకు మాట. గ్రీకులు దానిని 'గ్నోమోన్' అని పలికేవారు. ఇంగ్లీషువారు మొదటి అక్షరాన్ని రాస్తారు గాని పలకరు. 'తెలుసుకొను' అనే అర్థం గల గ్రీకు క్రియ నుంచి ఈ మాట పుట్టింది. కాబట్టి గ్నోమోన్ అంటే 'తెలిసినవాడు', 'తెలియజేసేది' అని అర్థం.

ఈ 'గ్నో' అనే ధ్వని మీకు ఎక్కడో విన్నట్లు లేదూ? మన 'జ్ఞానం' గుర్తు తెచ్చుకోండి. సంస్కృతంలోని 'జ్ఞా' ధాతువు, గ్రీకులోని 'గ్నో', ఇంగ్లీషులో తెలుసుకోవడం అనే అర్థంలో వాడే 'నో' - ఈ మూడూ ఒకే తల్లి పిల్లలని భాషాశాస్త్రజ్ఞులు నిరూపించారు. వేల సంవత్సరాల క్రితం ఒకే భాష నుంచి ఇవన్నీ చీలి, తలొక దేశానికి చేరాయి. ఆ ఇంగ్లీషు 'నో' అనే మాట రాసేటప్పుడు మొదట ఒక అక్షరం రాసి, చదివేటప్పుడు దానిని మింగేస్తామని మీకు తెలుసు. నోమన్‌లో పలకకుండా విడిచిపెట్టే అక్షరం, ఆ మాటలో పలకకుండా విడిచిపెట్టే అక్షరం రెండూ ఆ పాత ధ్వనికి మిగిలిన గుర్తులే. రోగం ఏమిటో తెలుసుకోవడాన్ని డాక్టర్లు 'డయాగ్నోసిస్' అంటారు. అందులోనూ ఈ 'గ్నో' ఉంది.

గ్రీకులు ఈ పేరును ఒక్క వస్తువుకే కట్టిపెట్టలేదు. మన రైతులు పళ్లు చూసి ఎద్దు వయస్సు చెబుతారు కదా. గ్రీకులు కూడా అలాగే గుర్రం వయస్సు చెప్పేవారు. వయస్సును తెలియజేసే ఆ పళ్లను కూడా వారు గ్నోమోన్ అనే పిలిచేవారు. అంటే, దేనిని చూస్తే మరొక విషయం తెలుస్తుందో దానికి ఈ పేరు తగిందన్నమాట.

నీడను చదివే కర్ర

సమతలంగా ఉన్న నేలమీద ఒక కర్రను నిటారుగా పాతండి. ఉదయం దాని నీడ పడమటివైపు పొడుగ్గా సాగుతుంది. పొద్దెక్కేకొద్దీ పొట్టిదవుతుంది. మధ్యాహ్నం దాటాక తూర్పువైపు మళ్లీ పెరుగుతుంది. కర్ర ఏమీ చేయదు, ఊరికే నిలబడి ఉంటుంది. అయినా వేళ ఎంతయిందో, దిక్కు ఏదో, ఏ ఋతువు నడుస్తున్నదో అన్నీ చెబుతుంది. దానిని 'తెలియజేసేది' అనక మరేమంటారు? అందుకే ఆ కర్రకు గ్నోమోన్ అని పేరు వచ్చింది.

ఈ సాధనాన్ని గ్రీకులు తాము కనిపెట్టామని చెప్పుకోలేదు. నీడ కర్రనూ, పగటిని 12 భాగాలుగా విభజించే పద్ధతినీ తమవారు బాబిలోనియా ప్రజల దగ్గర నేర్చుకున్నారని క్రీ.పూ. 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు.

మన దేశంలో ఇదే సాధనానికి 'శంకువు' అని పేరు. సంస్కృతంలో ఈ మాటకు మేకు, గూటం అని అర్థం. శంకువును 12 అంగుళాల ఎత్తు ఉండేటట్లు చేయడం మన జ్యోతిశ్శాస్త్రజ్ఞుల వాడుక. ఇక్కడ అంగుళమంటే వేలి వెడల్పు; మీ స్కేలు మీద ఉన్న అంగుళం కాదు. యజ్ఞవేదికలు కట్టే కొలతలు చెప్పిన శుల్బసూత్రాలలో కాత్యాయనుడి గ్రంథం, శంకువుతో తూర్పు పడమరలు కనుక్కునే ఉపాయం చెబుతుంది. శంకువు మొదలు కేంద్రంగా నేలమీద ఒక వృత్తం గీయాలి. నీడ కొన ఉదయం ఒకసారి, సాయంకాలం ఒకసారి ఆ వృత్తాన్ని తాకుతుంది. ఆ రెండు బిందువులనూ కలిపితే తూర్పు పడమర రేఖ వస్తుంది.

ఆ శంకువు మన భాషలో ఇంకా బతికే ఉంది. కొత్త భవనానికి మొదట చేసే పనిని 'శంకుస్థాపన' అంటాం. అంటే శంకువును నాటడం అని అర్థం. రేఖాగణితంలో మొదలు గుండ్రంగా ఉండి, పైకి పోయేకొద్దీ సన్నబడి మొనదేలిన ఘనాకారాన్ని కూడా శంకువు అనే అంటున్నాం.

కర్ర నుంచి మూలమట్టానికి

నీడ సరిగా చదవాలంటే ఒక నియమం తప్పనిసరి. కర్ర ఏ పక్కకూ ఒరగకూడదు. నేలతో అన్ని వైపులా సరిగ్గా 90 డిగ్రీల కోణం చేస్తూ నిలబడాలి. అందువల్ల గ్రీకులకు 'గ్నోమోన్' అనగానే లంబకోణం మనసులో మెదిలేది. క్రీ.పూ. 5వ శతాబ్దంలో కియోస్ ద్వీపానికి చెందిన ఈనోపిడీస్ అనే గణితవేత్త ఉండేవాడు. ఒక సరళరేఖకు లంబం గీయడాన్ని ఆయన 'గ్నోమోన్ ప్రకారం గీయడం' అనేవాడట. ఈ సంగతిని క్రీ.శ. 5వ శతాబ్దంలో ప్రోక్లస్ అనే వ్యాఖ్యాత రాసిపెట్టాడు.

లంబకోణాన్ని తెలియజేసే సాధనం మరొకటి ఉంది కదా! అదే వడ్రంగులు, తాపీమేస్త్రీలు వాడే మూలమట్టం. గోడ మూల సరిగా ఉన్నదీ లేనిదీ అది చెబుతుంది. కాబట్టి గ్రీకులు దానిని కూడా గ్నోమోన్ అనే పిలిచారు. మాట ప్రయాణంలో మొదటి మజిలీ ఇదే: నిలబడ్డ కర్ర పేరు, రెండు పట్టీలను లంబంగా కలిపిన పనిముట్టుకు వచ్చింది.

రోమనులు మూలమట్టాన్ని తమ లాటిన్ భాషలో 'నార్మా' అనేవారు. ఇంగ్లీషులోని 'నార్మల్' అనే మాట దానినుంచే వచ్చింది. మూలమట్టానికి సరిపోయినది, అనగా నియమం తప్పనిది, కనుక మామూలుగా ఉండేది అని దాని అర్థం మెల్లగా మారింది. గణితంలో మాత్రం 'నార్మల్' అంటే నేటికీ లంబంగా ఉండే రేఖ. తెలుగు పుస్తకాలలో దానిని అభిలంబం అంటారు. మీ జామెట్రీ పెట్టెలో రెండు మూలమట్టాలు ఉంటాయి. వాటికి ఇంత పెద్ద చుట్టరికం ఉందని మీరు ఊహించారా?

బేసి సంఖ్యల గోడలు

ఇప్పుడు కొన్ని గులకరాళ్లో, చింతగింజలో పోగుచేసుకోండి. ఒక గింజ పెట్టండి. దాని ఎడమ పక్కన ఒకటి, అడుగున ఒకటి, ఆ మూలలో ఒకటి - మొత్తం మూడు గింజలను మూలమట్టం ఆకారంలో చేర్చండి. 2 × 2 చతురస్రం వచ్చింది. దాని చుట్టూ అదే విధంగా 5 గింజలు చేర్చండి. 3 × 3 వచ్చింది. తరువాత 7, ఆ తరువాత 9 కావాలి. ఒక్కొక్కసారి చేర్చినప్పుడు చతురస్రం పెద్దదవుతున్నది. కాని చతురస్రంగానే ఉంటున్నది.

పైథాగరస్ అనుయాయులు ఈ విధంగా రాళ్లు పేర్చి సంఖ్యలను పరిశీలించేవారు. చుట్టూ చేర్చిన మూలమట్టం ఆకారపు గోడను వారు గ్నోమోన్ అన్నారు. 1, 3, 5, 7, 9... ఇవన్నీ బేసి సంఖ్యలు. కనుక బేసి సంఖ్యలకే గ్నోమోన్‌లని పేరు వచ్చింది. చతురస్రానికి గ్నోమోన్ చేర్చితే అది పెరుగుతుందే గాని దాని రూపం మారదని అరిస్టాటిల్ కూడా గమనించాడు.

దీనివల్ల మనకు ఒక చక్కని ఫలితం దొరికింది. 1 నుంచి మొదలుపెట్టి వరుసగా ఎన్ని బేసి సంఖ్యలు కూడితే, మొత్తం ఆ లెక్క వర్గం అవుతుంది. మొదటి 5 బేసి సంఖ్యల మొత్తం 25. మొదటి 100 బేసి సంఖ్యల మొత్తం? కూడవలసిన పని లేదు. 100 వర్గం, అంటే 10,000.

మొదట మీరు కత్తిరించిన కాగితం ముక్కను మళ్లీ చూడండి. అందులో 9 గళ్లున్నాయి. 9 కూడా 3 వర్గమే! అంటే 16 గళ్ల చతురస్రానికి 9 గళ్ల నోమన్‌ను చేర్చితే 25 గళ్ల చతురస్రం వస్తుంది. 4 వర్గం, 3 వర్గం కలిస్తే 5 వర్గం. లంబకోణ త్రిభుజానికి మీరు చెప్పుకునే 3, 4, 5 ఆ మూలముక్కలోనే దాగి ఉన్నాయి.

తప్పిపోయిన రెండు పట్టీలు

క్రీ.పూ. 300 ప్రాంతంలో యూక్లిడ్ తన రేఖాగణిత గ్రంథం రెండవ భాగంలో గ్నోమోన్‌కు నిర్వచనం ఇచ్చాడు. ఆయన చతురస్రంతో ఆగలేదు. ఏ సమాంతర చతుర్భుజమైనా తీసుకోండి. దాని కర్ణం గీసి, కర్ణం మీద ఒక బిందువు గుర్తించండి. ఆ బిందువు ద్వారా భుజాలకు సమాంతరంగా రెండు రేఖలు గీస్తే నాలుగు ముక్కలు వస్తాయి. కర్ణం మీద ఉన్న రెండు ముక్కలలో ఒకదాన్ని తీసివేస్తే, మిగిలిన మూడు ముక్కలూ కలిపి గ్నోమోన్. భుజాలు ఏటవాలుగా ఉంటే అక్కడ లంబకోణమే ఉండదు. అయినా పాత పేరు నిలిచిపోయింది.

ఇప్పుడు మీ బీజగణితానికి వద్దాం. (ఎ + బి)² ఎంత అని అడిగితే, తొందరలో ఎ² + బి² అని రాసేవారు ప్రతి తరగతిలోనూ ఉంటారు. మాస్టారు కోప్పడి, మధ్యలో 2ఎబి ఏదిరా అని అడుగుతారు. ఆ 2ఎబి ఎక్కడినుంచి వచ్చింది?

మీ చేతిలోని ముక్కనే అడగండి. కత్తిరించిన చతురస్రం భుజం 4. అది ఎ అనుకోండి. పట్టీ వెడల్పు 1. అది బి. మొత్తం భుజం 5. ఎ² = 16, బి² = 1. రెండూ కలిపితే 17 మాత్రమే. మొత్తం 25 రావాలి కదా! 8 గళ్లు ఏమయ్యాయి? నోమన్‌లో చూడండి. నిలువుగా 4 గళ్ల పట్టీ ఒకటి, అడ్డంగా 4 గళ్ల పట్టీ ఒకటి, మూలలో 1 గడి ఉన్నాయి. ఒక్కొక్క పట్టీ ఎ × బి. రెండు పట్టీలు కాబట్టి 2ఎబి. మూలలో ఉన్న గడి బి². నోమన్ మొత్తం 2ఎబి + బి². ఆ రెండు పట్టీలను మరచిపోయినవాడు చతురస్రంలో రెండు పెద్ద కంతలు వదిలేసినట్లే.

రెట్టింపు ఎందుకు చేస్తాం?

భాగహార పద్ధతిలో వర్గమూలం కనుక్కోవడం మీకు నేర్పే ఉంటారు. 529కి వర్గమూలం కావాలి. 5లో పోయే పెద్ద వర్గం 4. దాని మూలం 2. 5లో నుంచి 4 పోగా మిగిలింది 1. తరువాతి 29 దించితే 129. ఇప్పుడు 2ను రెట్టింపు చేసి 4 రాస్తాం. 4 పక్కన ఏ అంకె వేసి, అదే అంకెతో గుణిస్తే 129 వస్తుందో చూస్తాం. 43 × 3 = 129. కనుక జవాబు 23.

సరే, కాని మధ్యలో 2ను ఎందుకు రెట్టింపు చేశాం? చాలామంది దీనిని మంత్రంలాగా పాటిస్తారు గాని కారణం అడగరు.

529 చదరపు గళ్ల వైశాల్యం గల చతురస్రాన్ని ఊహించుకోండి. దాని మూలలో నుంచి 20 × 20 చతురస్రం తీసివేస్తే 400 పోయి 129 మిగులుతుంది. ఆ 129 ఏ ఆకారంలో ఉంది? నోమన్ ఆకారంలో ఉంది! అందులో 20 పొడవు గల పట్టీలు రెండు ఉన్నాయి. రెండింటినీ వరుసగా పెడితే పొడవు 40. అందుకే రెట్టింపు చేశాం. 129ని 40తో భాగిస్తే పట్టీ వెడల్పు సుమారు 3 అని తెలుస్తుంది. మూలలోని చిన్న చతురస్రం భుజం కూడా 3. దానిని కూడా ఆ వరుసలో చేర్చితే మొత్తం పొడవు 43. 43 × 3 = 129. సరిగా సరిపోయింది.

క్రీ.శ. 499లో ఆర్యభటుడు చెప్పిన వర్గమూల పద్ధతిలోనూ, అప్పటిదాకా వచ్చిన మూలాన్ని రెట్టింపు చేసి దానితో భాగించాలనే నియమం ఉంది. అంతకు నూరేళ్లకు పైగా ముందు, 4వ శతాబ్దంలో, ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరంలో థియాన్ అనే పండితుడు గ్నోమోన్ పటంతోనే ఈ పద్ధతిని వివరించాడు.

పెరిగినా మారనిది

అలెగ్జాండ్రియాకే చెందిన హెరాన్ పేరుమీద ఒక నిర్వచనాల గ్రంథం ఉంది. హెరాన్ క్రీ.శ. 1వ శతాబ్దం వాడు. ఆ గ్రంథంలో గ్నోమోన్‌కు ఇంకా విశాలమైన అర్థం ఇచ్చారు. ఒక ఆకారానికి దేనిని చేర్చితే, వచ్చే కొత్త ఆకారం మొదటిదానికి సరూపంగా ఉంటుందో అదే గ్నోమోన్. ఇప్పుడు కర్రా లేదు, మూలమట్టమూ లేదు. పెరుగుతూ కూడా రూపాన్ని నిలబెట్టే ముక్క ఏదైనా సరే గ్నోమోన్ కావచ్చు.

దీనికి ఉదాహరణ జిరాక్సు షాపులో దొరుకుతుంది. ఏ-4 కాగితం కొలతలు 210 × 297 మిల్లీమీటర్లు. రెండు ఏ-4 కాగితాలను పొడవు అంచులు కలిసేటట్లు పక్కపక్కన పెట్టండి. 297 × 420 మిల్లీమీటర్ల ఏ-3 కాగితం అవుతుంది. 297ను 210తో, 420ని 297తో భాగించి చూడండి. రెండుసార్లూ సుమారు 1.414 వస్తుంది. అది 2 వర్గమూలం. అంటే ఏ-4 కాగితానికి మరో ఏ-4 కాగితమే నోమన్! 1922లో జర్మనీలో ఈ కొలతలు నిర్ణయించినప్పుడు ఈ గుణాన్ని కావాలనే ఎంచుకున్నారు. అందుకే ఏ-3 మీద ఉన్న బొమ్మను ఏ-4 మీదికి తగ్గిస్తే అంచులు తెగిపోవు. ప్రతి కాగితానికీ ఈ గుణం ఉండదు. 15 × 20 సెంటీమీటర్ల కాగితాలు రెండు కలిపితే 20 × 30 వస్తుంది. మొదటి నిష్పత్తి 1.33, రెండవది 1.5. రూపం మారిపోయింది.

ప్రకృతి కూడా నోమన్‌తో పని చేస్తుంది. నత్తగుల్లనో, శంఖాన్నో చేతిలోకి తీసుకుని చూడండి. లోపలి జీవి పెరిగేకొద్దీ గుల్ల నోటి అంచు దగ్గర కొత్త పదార్థాన్ని చేర్చుకుంటూ పోతుంది. పాత భాగం అలాగే ఉండిపోతుంది. కొన దగ్గర ఉన్న సన్నని చుట్టు దాని బాల్యం. నోటి దగ్గర ఉన్నది నిన్న మొన్నటిది. అయినా చిన్న గుల్లా, పెద్ద గుల్లా ఒకే రూపంలో కనబడతాయి. చేర్చిన ప్రతి పొరా పాతదానికి నోమన్ కావడమే దీనికి కారణం. ఎద్దు కొమ్ము కూడా మొదలు దగ్గరే పెరుగుతుంది. కొన అన్నిటికన్నా పాతది. 1917లో స్కాట్లండుకు చెందిన జీవశాస్త్రజ్ఞుడు డార్సీ థామ్సన్, జీవుల పెరుగుదల గురించి రాసిన గొప్ప గ్రంథంలో గుల్లలను, కొమ్ములను వివరించడానికి హెరాన్ కాలపు ఈ పాత మాటనే తీసుకున్నాడు.

మనం మాత్రం ఇలా పెరగం. పుట్టిన బిడ్డ తల ఒంటి పొడవులో సుమారు నాలుగవ వంతు ఉంటుంది. పెద్దయ్యేసరికి ఏడెనిమిదవ వంతుకు తగ్గుతుంది. కాబట్టి మీ చిన్నప్పటి ఫోటోను పెద్దది చేస్తే ఇప్పటి మీరు రారు!

మాట ఎందుకు మరుగున పడింది?

1570లో హెన్రీ బిలింగ్స్లీ యూక్లిడ్ గ్రంథాన్ని మొదటిసారి పూర్తిగా ఇంగ్లీషులోకి అనువదించి లండన్‌లో అచ్చువేయించాడు. ఆ గ్రంథంతో పాటు నోమన్ కూడా ఇంగ్లీషు రేఖాగణితంలో స్థిరపడింది. కాని బీజగణితం బాగా పెరిగాక, యూక్లిడ్ పటాలతో చెప్పిన సంగతులను జనం అక్షరాలతో రాయడం మొదలుపెట్టారు. (ఎ + బి)² అని ఒక్క వరుసలో రాయగలిగినప్పుడు పటమెందుకు అనుకున్నారు. పటం పోయింది, దానితో పేరు కూడా పోయింది. సూత్రం మిగిలింది, దాన్ని తెలియజేసే ముక్క మాత్రం కనుమరుగయింది. నీడ గడియారంలో మాత్రం ఆ పేరు నిలిచింది. అన్నవరం కొండమీది నీడ గడియారాన్ని చూడబోయినప్పుడు, నీడను పడవేసేది ఏదో గమనించండి. అదే నోమన్.

మీరే చేసి చూడండి

1. 25 కూడా బేసి సంఖ్యే, 5 వర్గం కూడా. 25 గళ్లున్న నోమన్‌ను ఎంత భుజం గల చతురస్రానికి చేర్చాలి? దానినుంచి వచ్చే లంబకోణ త్రిభుజం భుజాలేవి? 49తో కూడా ప్రయత్నించండి.

2. 1,156కు వర్గమూలం భాగహార పద్ధతిలో కనుక్కోండి. ప్రతి మెట్టు దగ్గర అది నోమన్‌లో ఏ పట్టీయో గళ్ల కాగితం మీద గుర్తించండి.

3. చింతగింజలను త్రిభుజాకారంలో పేర్చండి: 1, తరువాత 2, తరువాత 3... త్రిభుజాన్ని త్రిభుజంగానే ఉంచుతూ పెంచే నోమన్‌లు ఏ సంఖ్యలు?

(జవాబులు: 1. 12 భుజం గల చతురస్రానికి. 5, 12, 13. 49తో అయితే 7, 24, 25. 2. 34. మొదటి చతురస్రం భుజం 30, పట్టీల వెడల్పు 4, నోమన్ 64 × 4 = 256. 3. వరుసగా 1, 2, 3, 4, 5... అన్ని సహజ సంఖ్యలూ.)